మా మామయ్యగారు రాస్పుటిన్‌ని ప్రశాంతంగా చూడనివ్వరు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజిలో అకౌంట్స్ చూస్తారు. సీజన్ మొదలైతే ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. బాబు పడుకున్నాక నేను హాల్లో లైటు తీసేసి పాత ఇంగ్లీషు హారర్ సినిమాలు పెట్టుకుంటాను. ఈమధ్య 1966 నాటి ‘రాస్పుటిన్: ద మ్యాడ్ మాంక్’ చూశాను. క్రిస్టఫర్ లీ అందులో రాస్పుటిన్, అదే, రష్యాని ఏలిన జార్ చక్రవర్తి కుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడని చెప్పుకునే మనిషి. పిచ్చిపిచ్చిగా నచ్చింది. కానీ మా మామయ్యగారు రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్. పక్కనే కుర్చీ వేసుకుని సీనుకోసారి “అబద్ధం” అంటారు. “వాడు సన్యాసే కాదు, జార్ చక్రవర్తి ఏడమ్మా అసలు, విషం పెట్టినా చావక, తూటాలు దిగినా లేచి నిలబడ్డవాణ్ణి కిటికీలోంచి పడేసి చంపేస్తారా” అని ఒకటే గొడవ. అత్తయ్యగారేమో రాత్రిపూట ఇంట్లో ఆ దయ్యపు మొహాలు అశుభం అంటారు. ఇంకో సంగతి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వాడు అంత దుర్మార్గుడు, ఆడవాళ్లతో ఆడుకున్నవాడు. అయినా వాడు తెరమీద లేకపోతే నాకు బోరు కొడుతోంది. ఇది తప్పా? చరిత్ర వేరే ఉందని తెలిసీ ఇలాంటి సినిమాని హాయిగా చూడటం ఎలా? ఈ బాపతువి ఇంకేమైనా ఉంటే చెప్పండి.
ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: తప్పేం లేదమ్మా. ముందు ఆ బెంగ తీసేయండి. దుర్మార్గుడు రంగం మీదికి రాగానే కుర్చీలో ముందుకి జరిగి కూర్చోవడం మనవాళ్లకి కొత్త కాదు. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు నవ్వితే మురిసిపోయిన జనం మనం. మీ గుంటూరు, తెనాలి చుట్టుపక్కల నాటకాల్లో రాత్రంతా మేలుకుని దుర్యోధనుడి పద్యాలకి వన్స్‌మోర్ కొట్టినవాళ్లు పొద్దున్నే ఇంటికెళ్లి కృష్ణుడి పటానికే దణ్ణం పెట్టుకున్నారు. వాళ్లనెవరూ మీరు కౌరవ పక్షమా అని అడగలేదు.

పైగా ఈ సినిమాలో లీ లేకపోతే బోరు కొట్టడం మీ తప్పు కాదు, సినిమాదే. అక్కడ ఉన్నది ఆయనొక్కడే. హామర్ అనే ఆ ఇంగ్లండు కంపెనీ పొదుపుగా సినిమాలు తీసేది. 1965లో బ్రే స్టూడియోలో ‘డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ తీసి, దాని వెంటనే ఆ సెట్లలోనే దీన్ని తీశారు. నటులు కూడా చాలావరకు వాళ్లే. లీ, బార్బరా షెల్లీ, ఫ్రాన్సిస్ మాథ్యూస్, సూజన్ ఫార్మర్, నలుగురూ రెండింట్లోనూ ఉన్నారు. అందుకే సెయింట్ పీటర్స్‌బర్గ్ మహానగరమంతా నాలుగు గదులు, ఒక సారాకొట్టులా కనిపిస్తుంది. ఆ డ్రాక్యులా సినిమాలో లీకి ఒక్క డైలాగు కూడా లేదు. బుసకొట్టడం, చూడటం, అంతే. దాని తర్వాత రాస్పుటిన్ వేషం దొరికింది. ఇక చూస్కోండి. మాట్లాడతాడు, తాగుతాడు, గంతులేస్తాడు, బిషప్‌తో వాదనకి దిగుతాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఆ గొంతు, ఆ గడ్డం. నా ఉద్దేశంలో ఆయన వేసిన పాత్రల్లో మొదటి వరసలో పెట్టాల్సినది ఇది. డ్రాక్యులాకి వచ్చినంత పేరు దీనికి రాకపోవడం అన్యాయం.

మళ్లీ చూసేటప్పుడు మొదటి పది నిమిషాలు ఆయన చేతుల్ని గమనించండి. సత్రం యజమాని భార్య జ్వరంతో చావుబతుకుల్లో ఉంటుంది. ఈయన వచ్చి రెండు చేతులూ ఆమె ముఖం మీద పెట్టి జబ్బు లాగేస్తాడు. కాసేపటికి అవే చేతులతో తాగి, ఆ ఇంటి ఆడపిల్ల మీదే పడతాడు, అడ్డం వచ్చిన కుర్రాడి చెయ్యి నరుకుతాడు. మహిమా దౌష్ట్యమూ ఒకే చేతుల్లో ఉన్నాయని ఒక్క ముక్క చెప్పకుండా చూపించారు. తర్వాత మఠంలో నిలదీస్తే ఆయన జవాబు ఇంకా గడుసుది. చిన్నాచితకా పాపాలు తెచ్చి క్షమించమంటే దేవుడికేం గౌరవం, క్షమించడానికి తగినంత పాపం నేను తెచ్చాను అన్నట్టు మాట్లాడతాడు. ఇది పూర్తిగా రచయిత అల్లిక అనుకోకండి. పాపం చేస్తేనే పశ్చాత్తాపం, పశ్చాత్తాపంతోనే మోక్షం అని బోధిస్తున్నాడన్న ఆరోపణ నిజం రాస్పుటిన్ మీద కూడా ఉండేది.

ఆడవాళ్ల సంగతి మాత్రం వేరు. రాణిగారి చెలికత్తె సోనియాని వశం చేసుకుని, వాడుకుని, పనయ్యాక చచ్చిపొమ్మని పంపే సీన్లలో మీకు ఒళ్లు జలదరించి ఉంటే ఆ జలదరింపుని అలాగే ఉండనివ్వండి. ఆ రోజుల్లో మగవాళ్లు తీసిన సినిమా అది. సోనియా పడే నరకం కంటే రాస్పుటిన్ చూపు మీదే కెమెరాకి మక్కువ ఎక్కువ. బార్బరా షెల్లీ గట్టి నటి కాబట్టి ఆ పాత్రకి కాస్త ప్రాణం వచ్చింది. లీ నటనకి చప్పట్లు కొడుతూనే అక్కడ సినిమాని తిట్టుకోవచ్చు. రెండూ ఒకే రాత్రి ఒకే మనిషి చేయగల పనులే.

ఇక మామయ్యగారు. ఆయన చెప్పినవాటిలో రెండు నూటికి నూరుపాళ్లు నిజం. రాస్పుటిన్ ఏ మఠంలోనూ సన్యాసం పుచ్చుకోలేదు. సైబీరియాలో పోక్రోవ్‌స్కోయే అనే పల్లెలో 1869లో పుట్టిన రైతు. పెళ్లాం, ముగ్గురు పిల్లలు ఉన్నారు. తీర్థయాత్రలు చేస్తూ, మాటకారితనంతో పెద్దవాళ్ల ఇళ్లకి చేరాడు. జార్ సినిమాలో కనపడడు, అదీ నిజమే. కానీ అసలు లోటు ఆ రెండూ కావు. అది మామయ్యగారు ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు.

సినిమాలో రాకుమారుడికి ప్రమాదం జరిగేలా రాస్పుటిన్ సోనియా చేత చేయిస్తాడు, తర్వాత తానే వెళ్లి నయం చేసి రాణిగారి నమ్మకం కొట్టేస్తాడు. అంటే అంతా కుట్ర, అంతా వశీకరణం. నిజంగా జరిగింది ఇంతకంటే భయంకరం. 1904లో పుట్టిన ఆ రాకుమారుడు అలెక్సీకి హీమోఫీలియా. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు. కీళ్లలోకి రక్తం దిగి వాచిపోతే ఆ పసివాడు రాత్రంతా కేకలు పెట్టేవాడు. ఈ జబ్బు తల్లి వైపు నుంచి, విక్టోరియా మహారాణి నుంచి దిగి వచ్చింది. మా విజయవాడ బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న పాత జూబిలీ మ్యూజియం ఏ విక్టోరియా పేరుతో కట్టారో, ఆ విక్టోరియాకే ఈ పిల్లాడు మునిమనవడు. కొడుకుకి తన వల్లే ఈ జబ్బు వచ్చిందని తెలిసిన తల్లి పరిస్థితి ఊహించండి. డాక్టర్లు చేతులెత్తేసిన చోట ఒక పల్లెటూరి మనిషి వచ్చి మంచం పక్కన కూర్చుంటే పిల్లాడు శాంతించి నిద్రపోయేవాడు. 1912లో పిల్లాడు చావు అంచుకి వెళ్తే రాస్పుటిన్ సైబీరియా నుంచి టెలిగ్రాం పంపాడు. పిల్లాడు చనిపోడు, డాక్టర్లని మరీ విసిగించనివ్వకండి అని దాని సారాంశం. పిల్లాడు కోలుకున్నాడు. ఆ తర్వాత ఆ తల్లికి ఎవరు ఏం చెబితే మాత్రం ఎక్కుతుంది?

జబ్బు సంగతి జనానికి తెలియనివ్వలేదు. వారసుడు బతుకుతాడో లేదో అని జనం అనుకోకూడదు కదా. దాంతో మట్టి బూట్లవాడు రాణిగారి దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడో బయటివాళ్లకి అర్థం కాక, నోటికొచ్చిన కథలన్నీ పుట్టాయి. 1915లో జార్ సైన్యాన్ని నడిపిస్తానంటూ యుద్ధరంగానికి వెళ్లాక రాజధానిలో రాణిగారి మాట, ఆమె చెవిలో ఈయన మాట చెల్లుబాటైంది. మంత్రులు మారడం మొదలైంది. ఇందులో మంత్రమూ లేదు, ఎర్రబడ్డ కళ్లూ లేవు. ఒక తల్లి, ఒక పిల్లాడు, ఒక రహస్యం. హామర్ వాళ్లకి ఇది పట్టి ఉంటే గొప్ప సినిమా అయ్యేది. బహుశా హారర్ సినిమా మాత్రం అయ్యుండేది కాదు.

మామయ్యగారి మూడో అభ్యంతరం చావు గురించి. ఇక్కడ మాత్రం నేను మీ పక్షం. విషం పెట్టినా చావలేదు, తూటా దిగినా లేచి మీద పడ్డాడు, నీళ్లలో పడేస్తేగానీ పోలేదు అని మనందరం చదువుకున్న ఆ కథ ఎక్కడిదో ఆయన్ని అడగండి. ప్రధానంగా చంపినవాడు చెప్పుకున్నదే. ఫెలిక్స్ యూసుపోవ్ అనే రాకుమారుడు తన మేడకి పిలిచి, 1916 డిసెంబర్ 30 తెల్లవారేలోపు స్నేహితులతో కలిసి పని ముగించాడు. విప్లవం వచ్చాక దేశం విడిచి వెళ్లి, 1927లో ఆ రాత్రి గురించి పుస్తకం రాశాడు. అతిథిని ఇంటికి పిలిచి చంపినవాడు ఆ అతిథి మామూలు మనిషి అని రాస్తాడా? రాక్షసుడు, సైతాను, విషం తిన్నా చలించలేదు అనే రాస్తాడు. అప్పుడు కదా తాను వీరుడయ్యేది! శవపరీక్షలో తేలింది చూస్తే మూడు తూటా గాయాలు, అందులో ఒకటి దగ్గర నుంచి నుదుట్లోకి. విషం జాడ దొరకలేదు. అసలు నాన్నకి తీపి పదార్థాలంటే గిట్టదు, విషం కలిపారన్న ఆ కేకులు తినే ఉండడు అని రాస్పుటిన్ కూతురు మరియా తర్వాత చెప్పింది. కాబట్టి మామయ్యగారు ‘చరిత్ర’ అంటున్న ఆ మరణదృశ్యం కూడా ఒక హారర్ కథే. కాకపోతే దాని రచయిత ముద్దాయి.

ఈ ముక్క మీరు నెమ్మదిగా, పెరుగన్నం దగ్గర కదపండి. సినిమా మధ్యలో వద్దు.

ఆయనకి ఇంకో మేత కూడా ఇస్తాను. హిస్టరీ మనిషి కాబట్టి కోర్టు కేసంటే చెవి కోసుకుంటారు. 1932లో ఎంజీఎం అనే హాలీవుడ్ కంపెనీ వాళ్లు రాస్పుటిన్ మీద ఒక సినిమా తీసి, అందులో ఒక రాకుమారి మీద అతను అఘాయిత్యం చేసినట్టు చూపించారు. అది నన్నే అని యూసుపోవ్ భార్య ఇరీనా లండన్ కోర్టుకి వెళ్లింది. 1934లో ఆమె గెలిచింది. 25,000 పౌండ్ల పరిహారం, ఆ రోజుల్లో. “ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం” అని మనం ప్రతి సినిమాకి ముందు చూస్తామే, ఆ ప్రకటన సినిమాల్లో పాతుకుపోవడానికి ఈ కేసే కారణం. హామర్ వాళ్లు సినిమా విడుదల చేసేనాటికి యూసుపోవ్ ఇంకా పారిస్‌లో బతికే ఉన్నాడు, 1967లో పోయాడు. అందుకే ఈ సినిమాలో ఆయన పేరు వినపడదు, ఇవాన్ అనే కల్పిత పాత్ర ఉంటుంది. అబద్ధం అబద్ధం అని మామయ్యగారు చిరాకుపడేదాంట్లో కొంత బద్ధకం కావచ్చు, కొంత మాత్రం లాయరు నోటీసు భయమే. లీ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్లమ్మ ఇద్దరు రష్యన్లని పరిచయం చేసిందని, వాళ్లు యూసుపోవ్, హత్యలో పాలుపంచుకున్న గ్రాండ్ డ్యూక్ ద్మిత్రీ అని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు. చంపినవాళ్లని చూసిన పిల్లాడే పెరిగి చచ్చినవాడి వేషం కట్టాడన్నమాట.

దీనికోసం రష్యా దాకా పోనక్కర్లేదు. మీ పల్నాడులోనే నాయకురాలు నాగమ్మ ఉంది. 12వ శతాబ్దంలో గురజాల కొలువులో నలగామరాజుకి మంత్రాంగం నడిపిన ఆడమనిషి. ఆమెని మనకి చూపించింది ఎవరు? మాచర్ల వీరుల పక్షాన పాడిన పాటలు, యుద్ధం అయిన రెండు వందల ఏళ్ల తర్వాత శ్రీనాథుడి పేరున వచ్చిన కావ్యం. కోడిపందెంలో మోసం, కుట్ర, వీరుల చావు, అన్నీ ఆమె ఖాతాలోనే. ఆమె పక్షాన ఒక్క పాటైనా మన చెవిన పడలేదు. అయినా 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మగా తెరమీదికి వచ్చినప్పుడు జనం కళ్లు తిప్పుకోలేకపోయారు. భానుమతి నాగమ్మ, లీ రాస్పుటిన్, ఇద్దరూ ఒకే ఏడాది జనం ముందుకి వచ్చారు, చూడండి. మామయ్యగారికి భానుమతి నాగమ్మ నచ్చిందేమో అడగండి. నచ్చింది అంటే ఇక ఆయనకి మీ రాస్పుటిన్‌ని ఆక్షేపించే హక్కు పోయినట్టే.

ఇప్పుడు పద్ధతి. సినిమా గంటన్నర, కచ్చితంగా చెప్పాలంటే 91 నిమిషాలు. అంతసేపు మామయ్యగారికి ఒక నోట్‌బుక్కు, పెన్ను ఇవ్వండి. తప్పు దొరికినప్పుడల్లా రాసుకోమనండి, నోరు మాత్రం మెదపకూడదు. అయ్యాక అరగంట ఆయనది. మీరు టీ పెట్టి తెచ్చి ఆ అరగంటా శ్రద్ధగా వినాలి, ఫోను చూడకూడదు. రిటైరైన లెక్చరరుకి క్లాసు లేకపోవడం ఎంత లోటో ఇంట్లోవాళ్లకి తెలియదు. సీనుకోసారి ఆయన అరవడానికి సగం కారణం, సినిమా అయిపోగానే మీరు టీవీ కట్టేసి వెళ్లిపోతారన్న భయమే అని నా అనుమానం. సబ్‌టైటిల్స్ కూడా పెట్టండి. ఆ ఇంగ్లీషు యాస అందక ఏ పెద్దాయనైనా విసుక్కుంటాడు, అందలేదని మాత్రం ఒప్పుకోడు.

మీరు మాత్రం పాత హారర్‌ని కొత్త హారర్‌లా చూడకండి. ఉలిక్కిపడే సీన్ల కోసం ఎదురుచూస్తే నిరాశే. ఆ రక్తం రంగు డబ్బాలోదని తెలుస్తూనే ఉంటుంది, మంచు ఉప్పులా ఉంటుంది. వాటిని చూసి నవ్వుకోండి, ఏం కాదు. కానీ సారాకొట్టులో రాస్పుటిన్, డాక్టర్ జార్గో పోటీపడి తాగే సీను వచ్చినప్పుడు నవ్వు ఆపి చూడండి. రిచర్డ్ పాస్కో అనే ఆ రెండో నటుడు, ఉద్యోగం పోయి మందులో మునిగిన డాక్టరు, పక్కనున్నవాడు ఎలాంటివాడో అందరికంటే ముందు కనిపెడతాడు. కనిపెట్టీ లేచి వెళ్లలేడు. సినిమా మొత్తంలో నాకు నిజంగా భయం వేసింది అతని ముఖం చూసినప్పుడే.

అత్తయ్యగారి గురించి ఎక్కువ ఆలోచించకండి. వాదించొద్దు. శుక్రవారం మానేయండి, సౌండు తగ్గించండి, బాబు లేచి హాల్లోకి వస్తే వెంటనే ఆపండి. ఈ మూడో దాంట్లో ఆవిడ మాటే రైటు. ఆవిడ చూసే సీరియల్లో వారానికోసారి పాలలో విషం కలుపుతుంటారన్న సంగతి మీ మనసులోనే ఉంచుకోండి.

ఇంకేం చూడాలంటే, ముందు ఆ డ్రాక్యులా సినిమా చూడండి. ఇది చూసిన వారంలోనే చూస్తే సెట్లు గుర్తుపట్టడం ఒక సరదా. మామయ్యగారితో పందెం కాయొచ్చు. ఎంజీఎం వాళ్ల 1932 సినిమా నెమ్మదిగా సాగుతుంది, కానీ జాన్, ఎథెల్, లయొనెల్ బారీమోర్ అనే ముగ్గురు తోబుట్టువులు కలిసి వేశారు. కేసు సంగతి తెలిశాక చూస్తే రుచి వేరు. మూడోది 1968లో వచ్చిన ‘విచ్‌ఫైండర్ జనరల్’. 1640ల్లో ఇంగ్లండులో ఊరూరా తిరిగి మంత్రగత్తెలంటూ ఆడవాళ్లని పట్టిచ్చి డబ్బు చేసుకున్న మాథ్యూ హాప్‌కిన్స్ కథ. విన్సెంట్ ప్రైస్ వేశారు. అసలు హాప్‌కిన్స్ ముప్ఫై నిండకుండానే పోయాడు, ప్రైస్‌కి అప్పటికే యాభై దాటాయి. కాబట్టి మామయ్యగారి నోట్‌బుక్కులో మొదటి పేజీ మొదటి నిమిషంలోనే నిండుతుంది. అందులో హింస మాత్రం చాలా పచ్చిగా ఉంటుంది, లీ సినిమాలా నవ్వుకోవడానికి సందివ్వదు. సీజన్ అయిపోయి మీ ఆయన పెందలాడే ఇంటికి వస్తున్న రోజుల్లో, ఆయన పక్కనుండగా చూడండి.